మా ఇంటి ట్యాంకుకి పర్మిట్

స్టీలు ప్లాంటు క్వార్టర్స్‌లో ఉన్నన్నాళ్ళూ, మరుగుదొడ్డిలో పోసిన నీళ్ళు ఎక్కడికి పోతాయో నేనెప్పుడూ ఆలోచించలేదు. ఎవరు ఆలోచిస్తారు గనక! బకెట్టుడు నీళ్ళు పోశామా, తలుపు వేశామా, అంతే. మిగతాది కంపెనీ చూసుకునేది. తలుపు గడియ ఊడినా, కొళాయి కారినా ఒక కాగితం మీద రాసిస్తే మనిషి వచ్చి బాగుచేసి పోయే చోట పదేళ్ళు హాయిగా బతికాం. తొంభైల మధ్యలో గాజువాక దాటాక చిన్న స్థలం కొని, సొంత ఇల్లు కట్టుకుని వచ్చాక మొదటి వారంలోనే మా అమ్మకి అసలు సంగతి బోధపడింది. పెరట్లో గచ్చు కింద, తను బట్టలారేసే తీగకి సరిగ్గా అడుగున, మా ఇంటిల్లిపాదీ వదిలిందంతా ఒక గదిలో భద్రంగా ఉందని.

"అయితే అది ఎక్కడికీ పోదాండీ?" అని నాన్నని అడిగింది, నిజంగానే దిగులుపడిపోతూ.

"ఎక్కడికి పోతుంది? మన ఇంటిదేగా," అన్నారు నాన్న. ఆ గొంతులో గర్వం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

నాన్న గోదావరి జిల్లా నుంచి ఉద్యోగం కోసం విశాఖ వచ్చి, ప్లాంటులో మరమ్మతుల విభాగంలో ఫోర్‌మన్ అయిన మనిషి. పొదుపు ఆయనకి అలవాటు కాదు, ఆనందం. సబ్బు అరిగిపోయి రేకులా మిగిలితే దాన్ని కొత్త సబ్బు వీపుకి అతికించి, అతుకు కనబడకుండా నున్నగా రుద్ది, మాకు చూపించి మెచ్చుకోమనేవారు. అలాంటి మనిషి చేతికి ఏకంగా ఒక సెప్టిక్ ట్యాంకు దొరికింది. ఆయన ఇంటి ప్లాను మేస్త్రీకి వదిలేశారు గానీ, ట్యాంకు ప్లాను మాత్రం గళ్ళ కాగితం మీద తనే గీసుకున్నారు. మేస్త్రీ రెండు అరలు చాలన్నాడు. నాన్న మూడు కట్టించారు. మా పడకగది కంటే ఆ ట్యాంకే విశాలంగా ఉందని అమ్మ చాలా ఏళ్ళు దెప్పింది. అందులో అబద్ధమేమీ లేదు.

గృహప్రవేశం రోజున ఆవుని ఇంట్లోకి నడిపించారు. అది ముందు గదిలోనే పేడ వేసింది. చుట్టాలందరూ శుభం శుభం అనుకుంటుంటే నాన్న పట్టుపంచె ఎగ్గట్టి, ఆ పేడని బకెట్లోకి ఎత్తి, నీళ్ళు కలిపి, పెరట్లోకి పట్టుకెళ్ళి ట్యాంకులో పోసి వచ్చారు. పురోహితుడు మంత్రం మధ్యలో ఆగిపోయాడు. పేడలో ఉండే సూక్ష్మజీవులు ట్యాంకులో చేరి, మనం వదిలిందాన్ని తిని నీరు చేస్తాయని, మొదట్లో ఒక్కసారి పోస్తే చాలని నాన్న ఆయనకి వివరించారు. పాపం ఆయన తలూపి, దక్షిణ తీసుకుని, భోజనానికి కూడా ఆగకుండా వెళ్ళిపోయాడు.

ఆ రోజు నుంచీ ఆ సూక్ష్మజీవులు మా ఇంట్లో మనుషులైపోయాయి. ఫినాయిల్ పోస్తే అవి చస్తాయి. యాసిడ్ పోస్తే చస్తాయి. బ్లీచింగ్ పౌడరు సంగతి చెప్పనే అక్కర్లేదు. "జీతం బత్తెం లేకుండా పగలూ రాత్రీ మన పని చేస్తున్నాయి. వాటికి విషం పెడతావా?" అని ఒకసారి నా మీద కేకలేశారు, నేను చుట్టాలొస్తున్నారని దొడ్లో కాస్త యాసిడ్ పోసినందుకు. రెండు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. నేను పరీక్ష తప్పినప్పుడు కూడా అంత బాధపడలేదు ఆయన. వంటింటి నీళ్ళూ, స్నానాల నీళ్ళూ ట్యాంకులోకి పోకుండా వేరే గొట్టం వేసి అరటిచెట్లకి మళ్ళించారు. గిన్నెల జిడ్డుని ముందు పాత కాగితంతో తుడిచాకే అమ్మ కడగాలి. తల దువ్వుకుంటే ఊడిన వెంట్రుకలు, దూది, గుడ్డముక్కలు దొడ్లో వేశామా, అయిపోయామన్నమాటే.

ఇదంతా ఎందుకంటే ట్యాంకు లారీని పిలవాల్సిన అవసరం రాకుండా. మా కాలనీలో మురుగు కాలవల్లేవు. అందరి ఇళ్ళల్లోనూ ట్యాంకులే. నిండిపోతే లావుపాటి గొట్టం ఉన్న లారీ వచ్చి తోడుకుని పోయేది. దానికిచ్చే డబ్బుతో మా ఇంటికి నెల బియ్యం వచ్చేవి. పక్కవీధిలో ఆ లారీ చప్పుడు వినబడితే చాలు, నాన్న వరండాలోకొచ్చి నిలబడి, "ఫినాయిల్ పోసే బాపతు," అని జాలిగా తలూపేవారు.

అలాగని ట్యాంకుని గాలికొదిలేసే మనిషి కాదు. ఏటా ఉగాది వెళ్ళిన మొదటి ఆదివారం మూత జరిపి, పొడుగాటి వెదురుకర్రకి పాత తెల్ల తువ్వాలు చుట్టి, అడుగుదాకా నిలువుగా దించి, కాసేపు ఉంచి తీసేవారు. తువ్వాలు మీద ఎక్కడిదాకా నల్లటి మడ్డి అంటిందో, అంత మందాన అడుగున పేరుకున్నట్టు. ఆ కర్రని పట్టుకుని పెరడంతా తిరిగి, "చూడండి, చూడండి, జానెడు లేదు!" అని మురిసిపోయేవారు. అమ్మ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "చూశాం లెండి, మీ జీవుల్ని చల్లగా ఉండమనండి," అనేది. ఆ పూట మాత్రం మా ఇంట్లో తప్పనిసరిగా సేమ్యా పాయసం ఉండేది. ఎందుకు చేసేదో అమ్మని అడిగితే పండగ వారం కదా అనేది. నేను నమ్మలేదు. ఆయన ఆనందం చూసి చేసేది.

ఆ ట్యాంకు గురించి ఇంత చెప్పాక ప్లాంటు గురించి కూడా ఒక ముక్క చెప్పాలి. నాన్న పనిలో పెద్ద పెద్ద ట్యాంకుల్లోకీ, గొట్టాల్లోకీ మనుషులు దిగి మరమ్మతు చేయాల్సి వచ్చేది. దిగే ముందు పర్మిట్ ఉండాలి. లోపలికి గాలి కొట్టించాలి, గ్యాసు ఉందో లేదో మీటరు దించి చూడాలి, ముగ్గురు సంతకాలు పెట్టాలి, ఒక మనిషి తాడు పట్టుకుని బయట కదలకుండా నిలబడాలి. కొత్తగా చేరినవాళ్ళకి ఈ పాఠం చెప్పే పని నాన్నదే. ఆ పాఠం మాకు రోజూ అన్నం దగ్గర వచ్చేది. "ముక్కుని నమ్మకూడదమ్మాయ్. ఆ గ్యాసు మొదట కుళ్ళిన గుడ్డు వాసనొస్తుంది. ఎక్కువైతే ముందు ముక్కునే చంపేస్తుంది. వాసన పోయిందనుకుంటాడు మనిషి. పోయింది వాసన కాదు, వాడు." తర్వాత మజ్జిగ పోసుకునేవారు. "ఇంకోటి. లోపల మనిషి పడిపోతే పైన మనిషి దిగకూడదు. దిగితే ఇద్దరు." ఇరవై ఏళ్ళ పాటు మా అమ్మ ఈ పాఠం వింటూ మాకు పెరుగు వడ్డించింది.

గోడ అవతలి ఇల్లు ఒక మరబోటు డ్రైవరుది. ఫిషింగ్ హార్బర్ నుంచి బోటు నడుపుకుంటూ పోయి, పది పన్నెండు రోజులు సముద్రం మీదుండి వచ్చేవాడు. వాళ్ళవాళ్ళంతా ఒడ్డునే ఉంటారు. ఇతనొక్కడే, గాలివానలకి బెదరని పక్కా ఇల్లు కావాలని భార్య పట్టుబడితే ఇటు వచ్చి కట్టుకున్నాడు. బోటు వచ్చిన రోజు గోడ మీద అరిటాకులో చేపలు పెట్టి, "బావా! ఓ బావా!" అని కేకేసేవాడు.

ఆ పిలుపుతో నాన్నకి అరికాలి మంట నెత్తికెక్కేది. మా గోదావరి వైపు బావ అంటే చుట్టరికం ఉండాలి. "నా చెల్లెల్ని వీడికిచ్చానా, వీడి చెల్లెల్ని నేను చేసుకున్నానా? ఎక్కడి బావ?" అని లోపలికొచ్చి గొణిగేవారు. ఇక్కడ మగవాళ్ళు ఒకరినొకరు అలాగే పిలుచుకుంటారని అమ్మ ఎన్నిసార్లు చెప్పినా చెవిన వేసుకోలేదు. చేపల పులుసు మాత్రం రెండోసారి కూడా వడ్డించుకునేవారు. తను మాత్రం అతన్ని "డ్రైవరుగారూ" అని బిగుసుకుపోయి పిలిచేవారు.

వాళ్ళ ట్యాంకు ఏడాదికో ఏడాదిన్నరకో నిండిపోయేది. చేపలు కడిగిన నీళ్ళు, పొలుసు, పేగులు, ఇంటిల్లిపాది స్నానాలు, అన్నీ అందులోకే. నాన్న గోడ మీదుగా ఉపన్యాసాలు ఇచ్చేవారు. అతను బీడీ కాల్చుకుంటూ ఓపిగ్గా వినేవాడు.

"బావా, నాను ఒకటి సెప్తాను, కోప్పడకు. నీది ట్యాంకు కాదు, దేవుడి గది. దానికి ఇంకా దీపం ఒక్కటే పెట్టలేదు."

అమ్మా, అతని భార్యా గోడకి చెరోవైపు నవ్వాపుకోలేక చచ్చారు. నాన్న మాత్రం ట్యాంకు దగ్గర దీపం పెట్టడం ఎంత ప్రమాదమో, లోపల మండే గ్యాసు ఎలా ఉంటుందో అతనికి మరో పావుగంట వివరించారు.

అలా తొమ్మిదేళ్ళు లాక్కొచ్చారు నాన్న, లారీ గడప తొక్కకుండా. కాలనీలో అదొక రికార్డు. రెండువేల సంవత్సరం దాటిన ఒక ఉగాదికి మాత్రం తువ్వాలు నిండా నల్లగా వచ్చింది. నాన్న ఆ కర్రని రెండోసారి దించారు. మూడోసారి దించారు. ఇంకా ఆలస్యం చేస్తే మడ్డి పొర్లి ఇంకుడుగుంతలోకి పోయి, అది మూసుకుపోయి, పెరడంతా తవ్వాల్సి వస్తుందని ఆయనే చెప్పారు. ఆ రాత్రి అన్నం దగ్గర పాఠం లేదు. మర్నాడు లారీకి కబురు పెట్టారు.

ఆదివారం పొద్దున్నే లారీ వచ్చింది. డ్రైవరూ, అతనితో ఒక సహాయకుడూ. నలభై ఏళ్ళుంటాయి ఆ సహాయకుడికి, బక్కగా, నవ్వుమొహం. గొట్టం దించి గంట తిరక్కుండా లారీ నింపేశారు. నీళ్ళంతా పోయాయి గానీ, అడుగున తొమ్మిదేళ్ళ మడ్డి గట్టిపడిపోయి మోకాలెత్తున ఉండిపోయింది. గొట్టం దాన్ని లాగలేకపోయింది.

"నీళ్ళు నింపి, కర్రలేసి కలిపితే వదులౌద్ది సార్. ఇంకో ట్రిప్పు ఎయ్యాలి," అన్నాడు లారీ డ్రైవరు. ఇంకో ట్రిప్పంటే ఇంకో నెల బియ్యం.

"అక్కర్లేదు. మీరు వెళ్ళండి," అన్నారు నాన్న.

ఆయన మొహం చూస్తే నాకు అర్థమైంది. ఏదో లెక్క కుదిరింది. లారీ అటు పోగానే లోపలికెళ్ళి, పాత ప్లాంటు డ్రెస్సు, ఇనుప ముక్కు బూట్లు, చేతి తొడుగులు, చివరికి పసుపు హెల్మెట్ కూడా పెట్టుకుని వచ్చారు. పథకం చెప్పారు. తను నిచ్చెన వేసుకుని దిగి, గునపంతో ఆ మడ్డిని పెళ్ళగించి బకెట్లో నింపుతారు. అమ్మా నేనూ తాడుతో పైకి లాగాలి. కొబ్బరిచెట్టు పక్కన గొయ్యి తవ్వి దాంట్లో పోసి మట్టి కప్పితే, రెండో ట్రిప్పు డబ్బు మిగలడమే కాదు, చెట్టుకి ఎరువు కూడా.

"వద్దండీ, చూడ్డానికే భయంగా ఉంది," అంది అమ్మ.

"నీళ్ళు పోయాయి. మూత తీసి రెండు గంటలైంది. ఇంకా భయమేంటి? మన ట్యాంకే కదా!"

సిగ్గుపడుతూ ఒక మాట ఒప్పుకోవాలి. నేను అప్పుడు డిగ్రీ రెండో సంవత్సరం, సైన్సు చదువుతున్నాను. ఆ గ్యాసు పేరూ, సూత్రమూ నాకు కంఠతా వచ్చు. అయినా నా బాధంతా, బకెట్లు లాగుతుంటే వీధిలోవాళ్ళు చూస్తారేమోనని. గేటు వేసేసి వచ్చి తాడు పట్టుకుని నిలబడ్డాను.

నాన్న నిచ్చెన దించి, రెండు మెట్లు దిగారు. నడుము దాకా లోపలే ఉన్నారు. అక్కడాగి ఒకసారి కిందికి వంగి చూసి, తల పైకెత్తి మా వైపు నవ్వారు. "ఇందాక కంపు కొట్టింది గానీ, ఇప్పుడు వాసనే లేదు. అనవసరంగా బెదిరిపోతున్నారు మీరు," అన్నారు. ఇంకో రెండు మెట్లు దిగారు.

"బావా! ఏటి సేత్తన్నావ్?"

గోడ అవతలి డ్రైవరు. ఆ తెల్లవారుజామునే హార్బర్‌కొచ్చి, చేపలు దింపి, ఇంటికొచ్చి పడుకున్నాడట. లారీ చప్పుడికి మెలకువ వచ్చి, పందుంపుల్ల నోట్లో పెట్టుకుని గోడ మీదికి వంగాడు.

"ఏం లేదు డ్రైవరుగారూ, అడుగున కాస్త మడ్డి," అన్నారు నాన్న. హెల్మెట్ ఒక్కటే పైకి కనిపిస్తోంది. "వాసన కూడా పోయింది. అరగంట పని."

పందుంపుల్ల ఎక్కడ పడిందో నేను చూడలేదు. గోడ ఎప్పుడు దూకాడో కూడా చూడలేదు. నేను చూసేసరికి అతను గచ్చు మీద బోర్లా పడుకుని, నాన్న చొక్కా కాలరు ఒక చేత్తో, చంక ఒక చేత్తో పట్టుకుని ఉన్నాడు. వలలు లాగిన చేతులవి. నాన్నని ఆ రంధ్రంలోంచి ఒక్క ఊపున పైకి లాగి గచ్చు మీద పడేశాడు. హెల్మెట్ ఊడి ట్యాంకులో పడింది. అడుగున దబ్బుమని చప్పుడైంది.

"మతుందా బావా నీకు? సచ్చిపోదువు! ఇప్పుడే, ఈ సణంలోనే సచ్చిపోదువు!"

నాన్నకి కోపం వచ్చింది. నిజంగా వచ్చింది. భార్య ముందు, కూతురి ముందు కాలరు పట్టుకుని లాగితే ఎవరికి రాదు? "ఏంటయ్యా ఇది? వదులు! నా ఇంట్లో నా ట్యాంకు. ఇలాంటివి ఎన్ని చూశాననుకున్నావు?" అంటూ లేవబోయారు. సగం లేచి, మళ్ళీ కూలబడ్డారు.

అతను కాలరు వదల్లేదు. గట్టిగా ఊపిరి పీలుస్తూనే చెప్పాడు.

"మా బోటు అడుగున సేపల గది ఉంటది. ఓ పాలి వేట లేక పది దినాలు మూసీసి ఉంచినాం. అడుగున సేపలు నీరు కుళ్ళిపోనాది. కడుగుదామని ఒకడు దిగినాడు. కూలిపోనాడు. ఆడ్ని లాగుదామని ఇంకొకడు దిగినాడు. ఆడూ పడిపోనాడు. మూడోవోడు మా సిన్నాయన కొడుకు. నాను నాలుగోవోణ్ణి బావా. కాలు లోపలెట్టీసినాను. అప్పట్లో మా బోటు నడిపే సరంగు తాడుముక్క పుచ్చుకుని నా ఈపు మీద కొట్టి ఆపినాడు. ఆ ముగ్గురూ ఇక రానేదు." అతను ఒకసారి ట్యాంకు వైపు చూశాడు. "ఆళ్ళూ ఇలాగే అన్నారు. వాసన పోనాది, అన్నారు."

నాన్న ఇంకా ఏదో అనబోయారు. మూత తీసి రెండు గంటలైందనో, ప్లాంటుకీ ఇంటికీ తేడా ఉందనో. అప్పుడు అమ్మ, అప్పటిదాకా తాడు కొస రెండు చేతులా పట్టుకుని కొయ్యబారిపోయి ఉన్న అమ్మ, అడిగింది.

"పర్మిట్ ఏదండీ?"

నాన్న ఆవిడ వైపు చూశారు.

"ఇరవై ఏళ్ళ నుంచీ చెబుతున్నారుగా. గాలి ఎవరు కొట్టించారు? మీటరు ఎవరు పెట్టారు? మూడు సంతకాలు ఎవరెవరు చేశారు?" అమ్మ గొంతు పెరుగుతూ పోయింది. "మీరు పడిపోతే నేను పైన నిలబడి చూస్తూ ఉంటాననుకున్నారా? మీ రూలు నాకు తెలుసు. తెలిసినా దిగేదాన్ని. నా వెనకాల ఇది దిగేది. డ్రైవరన్నయ్య లేవకపోతే ఈ ఇంట్లో మధ్యాహ్నం అన్నం తినడానికి ఎవరు మిగిలేవారండీ?"

నాన్న చేతి తొడుగులు ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టారు. చాలాసేపటికి, ఎవరితోనో కానట్టు, "వాసన పోయిందన్నాను," అన్నారు. "నేనే అన్నాను. ఎంతమందికి చెప్పానో ఆ మాట." మళ్ళీ అదే అన్నారు. అమ్మ తాడు కింద పడేసి ఆయన పక్కనే ఆ గచ్చు మీద కూర్చుంది, భుజానికి భుజం ఆనించి. పరాయి మగాడి ముందు అమ్మ అలా కూర్చోవడం నేను ఎప్పుడూ చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. తాడు ఇంకా నా చేతుల్లోనే ఉంది.

ప్లాంటులో ఆయన పరాయి ఇనుముని ఎప్పుడూ నమ్మలేదు. ఇది తను గీసి, తను కట్టించి, పేడనీళ్ళు పోసి తొమ్మిదేళ్ళు సాకింది. సొంతది తనకి అపకారం చేస్తుందని ఆయనకి తోచలేదు. అదీ జరిగింది. ఇప్పుడు తలుచుకుంటే నాన్న మీద కోపం రాదు. అప్పుడు మాత్రం వారం రోజులు ఉంది.

మధ్యాహ్నం లారీకి మళ్ళీ ఫోను చేశారు. మోటారు వేసి ట్యాంకులోకి నీళ్ళు వదిలాం. లారీవాళ్ళు పొడుగాటి కర్రలతో పైనుంచే కలిపారు. మడ్డి వదులై గొట్టంలోకి రావడం మొదలుపెట్టింది. సగం అయ్యాక గొట్టం గుర్రుమని ఆగిపోయింది. నోటికి ఏదో అడ్డం పడింది. పొద్దున్న పడ్డ హెల్మెట్టే. సహాయకుడు చొక్కా విప్పి నిచ్చెన అందుకున్నాడు, చాలా మామూలుగా, చెప్పులు విప్పి గుడిలోకి వెళ్ళే మనిషిలాగ.

"రెండు నిమిషాలు సార్. నాను దిగి తీసీసి వొచ్చేస్తాను. మాకలవాటే."

నాన్న అప్పటిదాకా అరుగు మీద దుప్పటి కప్పుకుని కూర్చుని ఉన్నారు. లేచి వచ్చి ఆ మనిషి జబ్బ పట్టుకున్నారు. పొద్దున్న బోటు డ్రైవరు తన కాలరు పట్టుకున్నంత గట్టిగా పట్టుకున్నారు.

"దిగొద్దు."

"మరి అడ్డం ఎలగ తీత్తాం సార్? కొక్కేనికి దొరక్కపోతే రేపు ఇంకో ట్రిప్పు ఎయ్యాలి. డబ్బులు ఎక్కువైపోతాయి."

"అవనీ," అన్నారు నాన్న.

అమ్మా నేనూ మొహమొహాలు చూసుకున్నాం. ఆ మాట ఆ నోట వినడం మాకు అదే మొదలు. ఆ మనిషి కూడా ఆశ్చర్యంగా చూశాడు. తనని దిగొద్దన్న ఇల్లు ఇదే మొదటిదని వెళ్ళేటప్పుడు నాతో అన్నాడు. గోడ అవతలి డ్రైవరు వెళ్ళి బోటు కొక్కెం ఒకటి తెచ్చి, వెదురుకి కట్టి, ముప్పావుగంట అవస్థపడి హెల్మెట్‌ని పైకి లాగాడు. మూడో ట్రిప్పు అవసరం పడలేదు. పడినా నాన్న ఇచ్చేవారు.

వారం తిరక్కుండా నాన్న ప్లాంటు దగ్గర వెల్డరుతో ఇనపచువ్వల జల్లెడ చేయించి మూత కింద బిగించారు. కర్ర దూరుతుంది, గొట్టం దూరుతుంది, మనిషి దూరడు. అలాంటిదే ఇంకోటి గోడ అవతలికీ చేయించారు. దాంతోపాటు ఆ ఇంటి వంటింటి నీళ్ళూ స్నానాల నీళ్ళూ బయటికి మళ్ళించే గొట్టం తనే దగ్గరుండి వేయించారు. చేపల పొలుసుకి వేరే గొయ్యి తవ్వించారు. వాళ్ళ ట్యాంకు ఆ తర్వాత నాలుగేళ్ళు లారీ మొహం చూడలేదు. ఆ ఇంటావిడ మా అమ్మతో, "మీ ఆయన దయవల్ల సెవులకి దుద్దులు కొనుక్కున్నానప్పా," అని తల అటూ ఇటూ తిప్పి చూపించింది.

ఆ మరుసటి ఏడు మళ్ళీ ఉగాది వచ్చింది. ఆదివారం పొద్దున నాన్న వెదురుకర్ర తీయలేదు. ముందు ఒక తెల్లకాగితం, స్కేలు, పెన్ను తెచ్చి నా ముందు పెట్టారు. తను చెబుతుంటే గీతలు గీసి రాయమన్నారు. పైన "ట్యాంకు మూత తీయుటకు అనుమతి" అని. దగ్గర్లో నిప్పు లేదు, బీడీ లేదు, సరే. జల్లెడ బిగించి ఉంది, సరే. తనిఖీ చేసినవారి చోట గోడ అవతలి డ్రైవరు సంతకం చేయాలి. ఆ రోజు కోసం అతన్ని ముందురోజే అడిగి ఉంచారట.

నాన్న గోడ దగ్గరికి వెళ్ళి గొంతు సవరించుకున్నారు. రెండుసార్లు సవరించుకున్నారు. "బావా," అన్నారు.

ఆ గొంతు నాన్నదని అతనికి తోచలేదేమో, వెంటనే పలకలేదు. తర్వాత వచ్చి, కాగితం గోడ మీద పెట్టుకుని, నాలిక బయటపెట్టి, గుండ్రంగా పేరు రాసి ఇచ్చాడు. నాన్న తనది చేశారు. మూడో సంతకం అమ్మది. అమ్మ అన్నం వండుతూ వచ్చి, తడిచెయ్యి తుడుచుకుని, ఒక్కొక్క గీతా చదివింది. బ్యాంకు కాగితం కూడా అలా చదివి ఎరగదు. ఒక చోట వేలు పెట్టి ఆగింది. ప్లాంటు పర్మిట్‌లో ఉన్నట్టే నేను రాసిన గీత అది. "లోపలికి దిగు వ్యక్తి పేరు." ఎదురుగా ఖాళీ.

"అది వదిలెయ్యి. కొట్టెయ్యమ్మాయ్," అన్నారు నాన్న.

"కొట్టెయ్యొద్దు," అంది అమ్మ. "రాయి. దింపడానికి మా ఇంట్లో మిగులు మనుషులు ఎవరూ లేరు అని రాయి."

రాశాను. అమ్మ సంతకం పెట్టింది. నాన్న ఆ కాగితం తీసుకుని రెండుసార్లు చదువుకుని, మడిచి జేబులో పెట్టుకుని, అప్పుడు కర్ర అందుకున్నారు.